తెల్లరాళ్ళపాడు పెద్ద వాకిలి

దోహాలో శుక్రవారం పూజకు వచ్చే తెలుగువాళ్ళు చెప్పులు గుమ్మం బయట విడిచేవాళ్ళు కాదు. చేత్తో పట్టుకుని లోపలికి తెచ్చి, వంటింటి గోడ పక్కన పెట్టుకునేవాళ్ళు. గుమ్మం ముందు చెప్పుల గుట్ట కనబడితే వీధిలో పోయేవాళ్ళు ఏమనుకుంటారోనని ఇంటాయన ఇన్నారెడ్డి భయం. ఆ రోజుల్లో ఆ దేశంలో చర్చి కట్టుకోవడానికి అనుమతి లేదు. అల్ మన్సూరాలో ఆయన అద్దెకున్న పాత విల్లాలో, హాలు కర్టెన్లు దించి, ఏసీ చప్పుడు చాటున గొంతు తగ్గించి పాటలు పాడుకునేవాళ్ళు. కేరళ నుంచి వచ్చిన థామస్ ఫాదర్ వీలున్న శుక్రవారాల్లో వచ్చి పూజ చేసి వెళ్ళేవాడు.

అలా వచ్చేవాళ్ళలో శౌరమ్మ ఒకతె. అల్ అజీజియాలో ఒక ఖతరీ కుటుంబంలో వంటమనిషి. భర్త పోయాక కూతుర్ని గుంటూరులో హాస్టల్లో పెట్టి విమానం ఎక్కింది. వీసా ఇప్పించింది ఇన్నారెడ్డే. శౌరమ్మ వంట చేసే ఇంటి యజమాని కంపెనీలో ఆయన అకౌంట్స్ మేనేజరు. ఇద్దరిదీ పల్నాడులో ఒకే ఊరు, తెల్లరాళ్ళపాడు. కాకపోతే ఆయనది కోవెల ముందు బజారు, ఈమెది కోవెల వెనకాల మాలపల్లె.

తెల్లరాళ్ళపాడు అంటే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది ఆ కోవెలే, అక్కడి కేథడ్రల్. ఊరి చుట్టూ ఉన్న గనుల్లోని తెల్లటి రాయితోనే దాన్ని కట్టారు. నేల మీద పడుకోబెట్టిన సిలువలా ఉంటుంది దాని ఆకారం. తూర్పున పీఠం, పడమట పెద్ద వాకిలి, వాకిలికి అటూ ఇటూ రెండు గోపురాలు. కృష్ణ అవతలి ఒడ్డు నుంచి కూడా కనబడతాయవి. వాకిలి పైన పెద్ద గుండ్రటి కిటికీ, దానికి ఎరుపు, నీలం, పసుపు అద్దాలు. సాయంకాలం పూజలో ఎండ ఆ అద్దాల్లోంచి దిగితే ఎవరి చీర మీద ఏ రంగు పడిందోనని ఆడవాళ్ళు చూసుకుని నవ్వుకునేవాళ్ళు. లోపల స్తంభాలు పైకి పోయి, జోడించిన చేతుల్లా కొనదేలిన కమానులై కలుస్తాయి. ఒక కరువు కాలంలో, కూలికి జొన్నలు కొలిచి పునాది తవ్వించాడు కోర్నేలియు స్వామి అనే విదేశీ గురువు. గానుగ సున్నంలో బెల్లం నీళ్ళు, కరక్కాయ రసం పోసి రాయికి రాయి అతికించారు. కట్టడానికి పాతికేళ్ళు పట్టింది. పంతొమ్మిది వందల ఇరవై రెండులో బిషప్పు వచ్చి ప్రతిష్ఠ చేశాడు.

ఇదంతా ఇన్నారెడ్డికి నోటికి వచ్చు. కట్టడానికి బండ్లూ ఎద్దులూ ఇచ్చిన ఆయన తాత మర్రెడ్డి పేరు పెద్ద వాకిలి పక్కన రాతి మీద చెక్కి ఉంది.

శౌరమ్మ నాయనమ్మ అంతోనమ్మ పేరు ఎక్కడా లేదు. ఆమె పెళ్ళి కాకముందు నుంచి బిడ్డల తల్లి అయ్యేదాకా పరంజా మీదికి సున్నం తట్టలు మోసింది. తల మీద జుట్టు ఊడి, నడినెత్తిన అరచేయంత నున్నటి మచ్చ మిగిలింది. ప్రతిష్ఠ రోజున పల్లె వాళ్ళంతా తలంట్లు పోసుకుని పెద్ద వాకిలి దగ్గరికి పోతే, పెద్దమనుషులు అడ్డం నిలబడి, "మీకు అటు" అని ఉత్తరం వైపు చూపించారు. సిలువకు ఉత్తరపు రెక్కలో వాళ్ళ కోసం విడిగా, తల వంచి దూరాల్సినంత చిన్న తలుపు పెట్టారు. లోపల ఛాతీ ఎత్తు గోడ, దాని మీద చెక్క జాలీ. ఆ జాలీలోంచి గురువు పైకెత్తిన చేతులు తప్ప ఇంకేమీ కనబడేది కాదు.

శౌరమ్మ పుట్టేనాటికి ఆ గోడ తీసేశారు. ఎవరైనా ఎటునుంచైనా రావచ్చునని బిషప్పు చెప్పాడు కూడా. అయినా నాయనమ్మ చచ్చిపోయినప్పుడు, శవపెట్టె మోస్తున్న పల్లె మగవాళ్ళు పెద్ద వాకిలి ముందుదాకా వచ్చి, ఎవరూ ఏమీ అనకుండానే ఉత్తరం వైపు తిరిగారు. పన్నెండేళ్ళ శౌరమ్మ పెట్టె వెనకే నడుస్తోంది. చిన్న తలుపులో పెట్టె పట్టక పక్కకి వంచారు. లోపల నాయనమ్మ ఒక పక్కకి జారిన చప్పుడు వినిపించింది. ఆపినవాళ్ళ మీద కోపం తెచ్చుకోవచ్చు. ఆపేవాళ్ళే లేనప్పుడు ఎవరి మీద తెచ్చుకోవాలో ఆ పిల్లకి అప్పుడు తెలియలేదు.

తొంభై ఏడులో కేథడ్రల్‌కి డెబ్బై అయిదేళ్ళు నిండుతున్నాయని ఊళ్ళో పండుగ తలపెట్టారు. దోహాలో ఉన్న తెల్లరాళ్ళపాడు వాళ్ళు కూడా తమ వంతు చెయ్యాలని ఇన్నారెడ్డి ముందుకొచ్చాడు. పూజ అయ్యాక హాల్లో నాటకం వెయ్యాలి, కేథడ్రల్ ఎలా కట్టారో చూపించాలి. నవంబరు మొదట్లో ఒక శుక్రవారం అందరినీ కూర్చోబెట్టి వేషాలు పంచాడు. కోర్నేలియు స్వామిగా ఒక గోవా కుర్రాడు. మర్రెడ్డి తాతగా ఇన్నారెడ్డే. చివరి రంగం ప్రతిష్ఠ.

"బిషప్పూ, గురువులూ, పెద్దలూ పెద్ద వాకిలిలోంచి వస్తారు," అన్నాడు ఇన్నారెడ్డి. "శౌరీ, నువ్వూ మరియదాసూ మీవాళ్ళంతా సున్నం తట్టలు నెత్తిన పెట్టుకుని ఇటు పక్క చిన్న తలుపులోంచి రావాలి."

శౌరమ్మ పక్కనున్న మాలపల్లె మనిషి, హౌస్ డ్రైవరు మరియదాసు అప్పుడే తల ఊపేశాడు.

"చిన్న తలుపు ఎందుకండీ?" అంది శౌరమ్మ.

"ఎందుకేంది? అప్పుడు అట్టాగే వచ్చారు గదా. చరిత్రను చరిత్రలాగా చూపించాలి."

"అట్టాగైతే మొత్తం చూపించండి. మా నాయనమ్మావాళ్ళు ముందు పెద్ద వాకిలి కాడికే వచ్చారు. మీ తాతగారూ వాళ్ళూ అడ్డం నిలబడి పొమ్మన్నారు. అది కూడా ఆడదాం. నేను వస్తాను, మీరు పొమ్మనండి. అప్పుడు చిన్న తలుపులోంచే పోతాను."

హాల్లో ఎవరో దగ్గారు. ఇన్నారెడ్డి మొహం ఎర్రబడింది. "పండగపూట అయ్యన్నీ ఎందుకు తవ్వుతావు? ఎప్పుడో పోయిన సంగతులు."

"పోయిన సంగతులైతే పెద్ద వాకిలిలోంచే రానియ్యండి. రెండిట్లో ఏదో ఒకటి చెయ్యండి."

"ఇష్టమైతే వెయ్యి, లేకపోతే మానెయ్యి," అన్నాడాయన లేస్తూ. ఆ తరవాత దగ్గరికొచ్చి, ఆమెకి మాత్రమే వినబడేట్టు, "ఎవరి మాట మీద ఇక్కడ ఉన్నావో మర్చిపోమాక, శౌరీ," అన్నాడు.

శౌరమ్మ కూతురి చదువు సగంలో ఉంది. ఇన్నారెడ్డి ఆఫీసులో ఒక్క మాట వేస్తే తనను విమానం ఎక్కించెయ్యడం ఎంతసేపు?

మర్నాడు ఇంటి యజమానురాలు మజీదా వంటింట్లోకి వచ్చి, మచ్‌బూస్ అనే మాంసం అన్నం ఒక ముద్ద నోట్లో పెట్టుకుని మొహం చిట్లించింది. అక్కడి పనివాళ్ళందరిలాగే శౌరమ్మ యజమానురాలిని మామా అనీ, యజమానిని బాబా అనీ పిలుస్తుంది. ఇద్దరూ మాట్లాడుకునేది సగం అరబ్బీ, సగం హిందీ, మిగిలింది చేతులతో.

"యా శౌరీ! ఉప్పు రెండుసార్లు వేశావు. ఏమైంది నీకు?"

శౌరమ్మ చెప్పింది. గుడి, రెండు తలుపులు, నాయనమ్మ, నాటకం. మాటలు చాలనిచోట గోధుమపిండి మీద వేలితో గీసి చూపించింది. మజీదా పిండి మీది గీతలు చూసి నవ్వేసింది.

"మసీదులో మా ఆడవాళ్ళకీ వేరే తలుపే కదా!"

శౌరమ్మ మొహం వాడిపోయింది.

"కానీ విను," అంది మజీదా. "మా తలుపులోంచి మంత్రి పెళ్ళామైనా రావాలి, ఆమె ఇంట్లో పనిమనిషైనా రావాలి. నీ చిన్న తలుపులోంచి ఆ ఇన్నారెడ్డి పెళ్ళాం వస్తుందా?"

"రాదు మామా."

"మరి నువ్వెందుకు వెళ్తావు?"

"ఆయన బాబాతో చెబితే? నన్ను పంపించేస్తే?"

 అబద్ధపు ధైర్యం చెప్పే మనిషి కాదు మజీదా. "వంటిల్లు నాది. బాబా కోపం సంగతి నేను చెప్పలేను. ఆ రోజు వస్తే చూద్దాం. ఇప్పుడు ఈ అన్నం పారేసి మళ్ళీ వండు."

మళ్ళీ బియ్యం కడుగుతూ శౌరమ్మ ఒక నిర్ణయానికొచ్చింది. వేషం మానెయ్యదు. మానేస్తే ఆ పెట్టె మోసినవాళ్ళలాగా తనంతట తాను పక్కకి తిరిగినట్టే.

నాటకానికి కేథడ్రల్ ముఖం కట్టే పని రాజేందర్ మీద పడింది. అతను కరీంనగర్ నుంచి వచ్చిన, కాంక్రీటుకి చెక్క అచ్చులు కట్టే షట్టరింగ్ కార్పెంటరు. ఈ మతం వాడు కాదు, అయినా ఇన్నారెడ్డి అడిగితే సెలవు రోజున ప్లైవుడ్ ముక్కలు వేసుకుని వచ్చాడు. గోడకి వేలాడే క్యాలెండర్లోని బొమ్మ చూసి, రెండు గోపురాలు నిలబెట్టి, గుండ్రటి కిటికీకి రంగురంగుల కాగితాలు అతికించి, పెద్ద వాకిలికి రెండు రెక్కలు బిగించాడు. హాలుకీ భోజనాల గదికీ మధ్య నిలబెడితే, ఆ రెక్కలు తెరిచినప్పుడు అవతలున్న పీఠం కనబడుతుంది.

శౌరమ్మ టీ తీసుకెళ్ళేసరికి అతను పక్కన చిన్న కంత కోస్తున్నాడు.

"అక్కా, గిదేంది? గింత చిన్న దర్వాజ మనిషి పోయేటందుకా, మేక పోయేటందుకా?"

"మనిషి పోయేటందుకే. నేను పోయేటందుకు."

రాజేందర్ రంపం ఆపేశాడు. ఆమె సంగతంతా చెప్పింది. అతను టీ తాగడం మర్చిపోయి విన్నాడు. వాళ్ళ ఊళ్ళో తన తాత గుడి తలుపులు చెక్కి, ఆ గుడి మెట్టు కిందనే నిలబడి దండం పెట్టుకునేవాడని మాత్రం చెప్పాడు. ఆ పైన, "ప్లైవుడ్ చాలలేదంట జెప్త. ఈ చిన్న దర్వాజ చెయ్యనే చెయ్య. సార్ ఏం జేస్తడు?" అన్నాడు.

"వద్దు తమ్ముడూ. చెయ్యి. తలుపు ఉండాల్సిందే," అంది శౌరమ్మ. "తలుపు ఉండాలి, నేను పోకూడదు. తలుపే లేకపోతే నేను ఎందులోంచి పోనన్నానో ఎవరికి తెలుస్తది?"

నాటకం రోజున హాలు కిక్కిరిసింది. పొద్దున్నే పూజ చేసిన థామస్ ఫాదర్ ముందు కుర్చీలో కూర్చున్నాడు. పునాది తవ్వారు, జొన్నలు కొలిచారు, గానుగ తిప్పారు. తెర చాటు నుంచి ఇన్నారెడ్డి చదువుతున్న చరిత్ర నిజంగానే బాగుంది. కోవెల గంటలు ఓడలో మద్రాసు రేవుకు వచ్చిన సంగతి, వాటిని లాగలేక ఎద్దులు వాగులో కూలబడిన సంగతి విని, నాటకం చూడ్డానికి వచ్చిన గోవా ఆడవాళ్ళు కూడా, పక్కవాళ్ళు హిందీలో చెబుతుంటే కళ్ళు పెద్దవి చేసుకున్నారు. శౌరమ్మకి కూడా ఒళ్ళు పులకరించింది. ఆ కోవెల ఆమెదీ కదా. కమానులూ, గోపురాలూ, నాయనమ్మ నెత్తి మీద మచ్చా అన్నీ కలిస్తేనే ఆ కోవెల.

ప్రతిష్ఠ రంగం వచ్చింది. బిషప్పు వేషగాడు, పెద్దల వేషగాళ్ళు పెద్ద వాకిలి దాటి లోపలికి వెళ్ళారు. మర్రెడ్డి తాత వేషంలో, తలపాగాతో, పూల పళ్ళెం పట్టుకుని ఇన్నారెడ్డి వాకిలిలోనే నిలబడ్డాడు. ఒక రెక్క మూసి ఉంది, తెరిచిన రెక్కలో ఆయన.

వరండా లోంచి పల్లె వాళ్ళు వచ్చారు. అందరికంటే ముందు శౌరమ్మ. నెత్తిన సైట్‌లో సిమెంటు మోసే తట్ట, అందులో సున్నం బదులు తెల్లటి పిండి. జనం మధ్య నుంచి నడిచి, చిన్న తలుపు వైపు చూడకుండా, నేరుగా పెద్ద వాకిలి ముందుకొచ్చి ఆగింది.

"అటు, శౌరీ," అన్నాడు ఇన్నారెడ్డి పెదవులు కదపకుండా.

"అటు పోనండీ."

అది నాటకంలో మాటే అనుకున్నారు చూసేవాళ్ళు.

"అందరూ చూస్తున్నారు. అటు పో."

"వాళ్ళు చూడాలనే వచ్చాను." ఆమె గొంతు పెంచింది. వెనక గోడ దాకా వినిపించింది. "మా నాయనమ్మ అంతోనమ్మ. ఈ కోవెలకి సున్నం మోసింది. మోసినన్నాళ్ళూ ఈ గోడల మీదే తిరిగింది. కట్టడం అయిపోయినాక ఈ వాకిట్లో ఆపేశారు. చచ్చిపోయినాక కూడా ఈ వాకిట్లోంచి రాలేదు. నేను ఇందులోంచే పోతాను. మీరు తప్పుకోండి."

ఇన్నారెడ్డి కదల్లేదు.   అప్పుడు శౌరమ్మకి వెనక కాళ్ళ చప్పుడు వినబడింది. తిరిగి చూస్తే, తట్ట నెత్తిన పెట్టుకున్న మరియదాసు నడుం వంచి చిన్న తలుపు వైపు వెళ్తున్నాడు. అతని వెనక ఇద్దరు.

ఇన్నారెడ్డి అన్న మాటలన్నిటికంటే ఆ చప్పుడే ఆమెకి ఎక్కువ కోపం తెప్పించింది.

"మరియదాసూ! ఎవురు పొమ్మన్నారు నిన్ను? నడుం ఎత్తు. ఇటు రా!"

మరియదాసు వంగినవాడు వంగినట్టే ఆగిపోయాడు. ఆమె మొహమూ, ఇన్నారెడ్డి మొహమూ మార్చి మార్చి చూశాడు. అతనికీ పెళ్ళాం పిల్లలున్నారు, అతని వీసా మీదా ఎవరి చెయ్యో ఉంది. నెమ్మదిగా నిటారుగా నిలబడి, వచ్చి ఆమె వెనక నిలుచున్నాడు. మిగతా ఇద్దరూ వచ్చారు.

శౌరమ్మ ఒక చేత్తో తట్ట పట్టుకుని, రెండో చేత్తో మూసి ఉన్న రెక్కని బలంగా తోసింది. గడియ ఊడింది. రెక్కతో పాటు ప్లైవుడ్ కోవెల మొత్తం ఒక్కసారి ఊగింది. ఎడమ గోపురం ముందుకు ఒరిగింది. కింద కూర్చున్న ఆడవాళ్ళు కేకలు పెట్టారు. పిల్లల్ని లాక్కున్నారు.

"సార్! పట్టుండ్రి! టవర్ పట్టుండ్రి!" అని వెనక నుంచి రాజేందర్ అరిచాడు. కుడి గోపురం అతను పట్టుకున్నాడు.

ఇన్నారెడ్డి పళ్ళెం వదిలేసి, వాకిలి వదిలేసి, రెండు చేతులతో ఎడమ గోపురాన్ని పట్టుకున్నాడు. తలపాగా జారి మెడలో పడింది. వదిలితే పిల్లల మీద పడుతుంది, వదలకపోతే వాకిలికి అడ్డం నిలబడలేడు. ఆయన వదల్లేదు. ఆయన చూస్తుండగానే శౌరమ్మ తల ఎత్తుకుని, తట్ట తగలకుండా కమాను కింద నుంచి లోపలికి నడిచింది. వెనక మరియదాసు, వెనక మిగిలినవాళ్ళు, ఒకరి వెనక ఒకరు. పీఠం ముందు తట్టలు దించారు. పిండి లేచి అందరి మొహాలూ తెల్లబడ్డాయి. శౌరమ్మ దగ్గుతూ, కళ్ళు తుడుచుకుంటూ మోకరించింది. చప్పట్లు ఎవరూ కొట్టలేదు. థామస్ ఫాదర్ మాత్రం లేచి వచ్చి, తట్టలని ఒక్కొక్కటే దీవించాడు.

దానికి ఫలితం ఆ వారమే తెలిసింది. ఇన్నారెడ్డి ఆఫీసులో చెప్పాల్సిన మాట చెప్పాడు. బాబా ఇంటికొచ్చి, గొడవలు పెట్టుకునేచోటికి వెళ్ళొద్దని శుక్రవారం సెలవు తీసేశాడు. ఉద్యోగం పోకపోవడానికి కారణం మజీదా. "రంజాన్ వస్తోంది. ఇఫ్తార్‌కి వండేది నువ్వా, నీ మేనేజరా?" అని మొగుణ్ణి అడిగిందట. రంజాన్ నెలంతా శౌరమ్మ పొయ్యి దగ్గరే ఉంది. పూజ లేదు, పాట లేదు. దుఃఖం వచ్చేది కానీ, చేసిన పనికి ఒక్కనాడూ విచారం రాలేదు. ఈద్ వెళ్ళాక మజీదా పోరి ఆ సెలవు మళ్ళీ ఇప్పించింది.

ఈలోగా మరియదాసు తన గదిలో పూజ మొదలుపెట్టాడు. నలుగురు డ్రైవర్లు ఉండే ఇరుకు గది. మంచాలు నిలువుగా గోడకి ఆనించి చాపలు పరిచేవాళ్ళు. థామస్ ఫాదర్ ఒక శుక్రవారం ఇన్నారెడ్డి ఇంటికీ, ఒక శుక్రవారం ఇక్కడికీ వచ్చేవాడు. సెలవు తిరిగొచ్చాక శౌరమ్మ ఇక్కడికే వచ్చేది.

ఫిబ్రవరిలో ఒకనాడు ఇన్నారెడ్డి కంపెనీ కాగితాల మీద బాబా సంతకం కోసం ఇంటికి వచ్చాడు. వచ్చి వంటింటి తలుపు దగ్గర ఆగాడు.

"నువ్వు రాకపోతే మనూరి వాళ్ళు నన్నేదో అనుకుంటున్నారు," అన్నాడు. "పొరపాటైందని అందరి ముందూ ఒక్క మాట అను. మళ్ళీ మామూలుగా రా."

శౌరమ్మ ఉల్లిపాయలు తరగడం ఆపలేదు. "పొరపాటు కాదండీ. అనుకునే చేశాను. పూజకి రమ్మంటే వస్తాను. ఆ మాట అనడానికి రాను."

"నిన్ను ఈ దేశం తెచ్చింది నేను."

"తెచ్చారు. మీ మేలు మరవను. వంట చెయ్యమని తెచ్చారు, చేస్తున్నాను. తల వంచుకోమని వీసాలో రాయించలేదు గదా!"

ఆయన ఇంకేదో అనబోయి, హాల్లోంచి బాబా పిలవడంతో వెళ్ళిపోయాడు.

ఈస్టరుకి ముందు ఒక శుక్రవారం, మరియదాసు గదిలో పాట మొదలయ్యాక ఇన్నారెడ్డి భార్య ఫిలోమినా ఒక్కతే వచ్చింది. చెప్పులు చేత్తో పట్టుకుని, ఎక్కడ కూర్చోవాలో తెలియక నిలబడింది. ఎన్నాళ్ళనుంచో ఆమెని అమ్మగారూ అని పిలిచిన శౌరమ్మ, ఈసారి, "రా ఫిలోమినమ్మా, ఇట్టా కూర్చో," అని చాప మీద జరిగింది. ఫిలోమినా కూర్చుని కొంగు తల మీదికి లాక్కుంది. ఇన్నారెడ్డి పొమ్మన్నాడో వద్దన్నాడో ఆమె చెప్పలేదు. వీళ్ళూ అడగలేదు.

ఇన్నారెడ్డి ఆ గదికి ఎప్పుడూ రాలేదు. శౌరమ్మ ఆయన కోసం ఎదురు చూడనూ లేదు.